గిన్నెను ముందు బోర్లించి చూడండి

అమ్మా, మీరు అడిగింది ఇదీ: పాలమూరులో కొత్తిల్లు కట్టుకున్నారు. హాల్లో అద్దాల అల్మారాలో పాత వెండి గిన్నెలు ఆరేడు పెట్టుకోవాలని ఉంది. ఆత్మకూరు అమ్మమ్మ ఇచ్చిన గిన్నె ఒకటి, ఉగ్గుగిన్నె ఒకటి ఇంట్లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒకాయన "నిజాం కాలంది, రెండొందల ఏళ్ళది" అంటూ ఇంకో గిన్నె చూపించి, వెండి ధరకు మూడింతలు అడుగుతున్నాడు. కొనాలా, వద్దా?

వద్దు. ఎందుకో మీరు పెట్టిన ఫొటోలోనే ఉంది. అంచు కింద సింహం ముద్ర, దాని పక్కన 925 అంకె. ఆ నడిచే సింహం ఇంగ్లండ్ వాళ్ళ గుర్తు. నూటికి 92.5 పాళ్ళు వెండి ఉందని చెప్పడానికి ఆ సింహమొక్కటే చాలు, అంకె వేసే పని వాళ్ళకు ఉండేది కాదు. సింహానికి తోడు 925 వేయడం 1999 నుంచి వచ్చిన పద్ధతి. పైగా 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టిన వెండి మీద అక్కడ రాజుదో రాణిదో తల ముద్ర కూడా పడేది. నిజంగా రెండొందల ఏళ్ళదైతే తల ఉండాలి, అంకె ఉండకూడదు. మీ ఫొటోలో తల లేదు, అంకె ఉంది. మంచి వెండే కావచ్చు, కాదనను. కానీ ఆ వయసు అబద్ధం, మూడింతల ధర ఆ అబద్ధానికే.

"నిజాం కాలం" అనే మాట గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్ ఏలిన నిజాం వంశం, అసఫ్ జాహీలు, 1724లో మొదలై 1948 దాకా ఉన్నారు. రెండొందల ఇరవై నాలుగేళ్ళు. మా నాయిన పుట్టింది కూడా నిజాం కాలంలోనే. అమ్మేవాడు ఆ మాట అంటే ఏమీ చెప్పనట్టే లెక్క.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది దేవరకొండ దిక్కు అవుసలోళ్ళ ఇల్లు, అంటే కంసాలోళ్ళం. పదహారేళ్ళ దాకా నాయిన పక్కన కుంపటి ఊదిన, తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నల్లగొండలో వెండి దుకాణంలో కూర్చున్న. ఇప్పుడు ఇంట్లో ఇరవై మూడు పాత గిన్నెలున్నాయి. ఒక్కటీ అద్దాల వెనక లేదు, అది వేరే ముచ్చట.

మన జిల్లాల పాత వెండి గురించి మొదట తెలుసుకోవాల్సింది, దాని మీద ముద్రలు ఉండవని. వెండికి మన దేశపు హాల్‌మార్క్ వచ్చిందే 2005లో, అదీ 2025లో కూడా ఇష్టముంటేనే. అంతకుముందు ఊరి అవుసలాయన, ఇంటాయన ఇచ్చిన రూపాయలు కరిగించి, ఆ ఇంటి అరుగు మీదనో తన కొట్టంలోనో గిన్నె కొట్టి ఇచ్చేవాడు. ముద్ర ఎవరి కోసం వేస్తాడు? మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్ లాంటి పెద్ద దుకాణాల సరుకు మీద పేరుండేది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల లాంటి ఇండ్లలోకి అటువంటివి వచ్చి ఉండొచ్చు. మీ అమ్మమ్మ గిన్నె, నా గిన్నెలు అవి కావు. అందుకే మన దగ్గర పాత గిన్నె మీద ముద్ర కనబడితే నేను సంతోషపడను, అనుమానపడతాను. ముద్ర లేని గిన్నెను చదవాలంటే బోర్లించి అడుగు చూడాలి.

మీ అమ్మమ్మ గిన్నె అడుగున "12 అని, పక్కన ఏవో గీతలు" ఉన్నాయన్నారు. కాటా మీద 137 గ్రాములు తూగిందన్నారు. ఈ రెండు అంకెలు కలిపి చూడండి. ఇప్పుడు దుకాణంలో తులం అంటే పది గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. పన్నెండు పాత తులాలంటే 140 గ్రాములు. అంటే ఎవరో ఈ గిన్నె చేయించిన రోజున తూకం వేసి అడుగున గీయించారు. మిగతా మూడు గ్రాములు చింతపండు, బూడిద పెట్టి తోమినన్నేళ్ళూ కాలువలోకి పోయాయి. అడుగున తూకం గీసి ఉండటం, ఇప్పటి తూకం దానికి కాస్త తక్కువ రావడం – ఒక గిన్నె వయసుకు ఇంతకు మించిన సాక్ష్యం నాకు అరుదుగా దొరికింది. తూకం గీతకంటే ఎక్కువ వస్తే మాత్రం ఎక్కడో అతుకు వేశారని వెతకండి.

ఇంకో సంగతి. ఇంగ్లీషోళ్ళ రూపాయి, మనవాళ్ళు కల్దారు అనేది, సరిగ్గా ఒక తులం తూగేది. అందులో వెండి నూటికి 91.7 పాళ్ళు. 1940లో దాన్ని నూటికి 50 పాళ్ళకు తగ్గించారు. మన నిజాం సర్కారు హాలీ సిక్కా, చార్మినార్ బొమ్మ రూపాయి, 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అని మారకం నడిచేది. రెండింట్లో ఉన్న వెండిని లెక్కకట్టి చూస్తే ఆ మారకం దాదాపు సరిపోతుంది కూడా. నాయిన అనేవాడు, "కల్దార్ గిన్నె తోమితే తెల్లగైతది, హాలీ గిన్నె తోమితే జర ఎర్రగొడ్తది" అని. రాగి పాలు ఎక్కువ కదా, నిజమే.

ఇది ఇప్పుడు మీకు ఎట్లా పనికొస్తుందంటే, మహబూబ్‌నగర్‌లో టంచ్ మిషన్, అంటే ఏ లోహం ఎన్ని పాళ్ళుందో చూపే మిషన్, ఉన్న దుకాణానికి గిన్నె తీసుకుపొండి. గీరకుండా, కరిగించకుండా నిమిషంలో చీటీ ఇస్తాడు. వెండి 91 దగ్గర వచ్చి మిగతా అంతా రాగి అయితే కల్దార్లు కరిగించి చేసినట్టు అనుకోవచ్చు. 81, 82 వస్తే హాలీ. ఇది రుజువు కాదు, ఊహకు బలం. రెండు రకాల రూపాయలు కలిపి మూసలో వేసినవాళ్ళూ ఉన్నారు, అప్పుడు మధ్యలో ఎక్కడో వస్తుంది. అంచు దగ్గర, అడుగు దగ్గర, అతుకు దగ్గర – మూడు చోట్ల చూపించమనండి. అతుకు దగ్గర కాడ్మియం అని వస్తే ఆ అతుకు ఈ మధ్యది. నికెల్ పెద్ద పాలుగా వచ్చి వెండి నామమాత్రంగా ఉంటే జర్మన్ సిల్వర్ మీద పూత. జర్మన్ సిల్వర్‌లో వెండి వీసమెత్తు కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే. పేరు మాత్రం ఘనం.

దుకాణానికి పోయే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె తూకం వేయండి. తర్వాత నీళ్ళున్న డబ్బాను కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, గిన్నెను దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు, పక్కలకు తగలొద్దు, లోపల గాలి బుడగ ఉండొద్దు. అప్పుడు కాటా చూపించిన అంకెతో మొదటి తూకాన్ని భాగించండి. మీ 137 గ్రాముల గిన్నెకు కాటా పదమూడూ పదమూడున్నర మధ్య చూపిస్తే 10.2, 10.3 అట్లా వస్తుంది. అది వెండి. పదిహేను, పదహారు చూపిస్తే 8.7, 9 దగ్గర వస్తుంది. అది జర్మన్ సిల్వరో, రాగి మీద పూతో. ఇక అయస్కాంతం అంటించి చూసే పరీక్ష ఉందే, దాంతో ఇనుమును పట్టుకోవచ్చు గానీ రాగిని, ఇత్తడిని, జర్మన్ సిల్వర్‌ను పట్టుకోలేరు. అవీ అంటవు.

చేతి పని గుర్తుపట్టడం మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. పాతకాలపు గిన్నెను రేకు నుంచి సాగగొట్టి లేపుతారు. దాగలి మీద సుత్తెతో వరుసగా కొట్టుకుంటూ, వెండి గట్టిపడగానే కుంపట్లో కాల్చి మెత్తబరిచి, మళ్ళీ కొట్టి. మా నాయిన చారెడు గిన్నెకు రెండు రోజులు పట్టించేవాడు. కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు గిన్నె లోపల చూడండి. గోరంత గోరంత చదును మచ్చలు, చేప పొలుసులాగా వరుసలు కనబడతాయి. బయట నునుపు చేసినా లోపల వదిలేసేవాళ్ళు. మిషన్ మీద తిప్పి చేసిన గిన్నెలో పొలుసులుండవు, నీళ్ళలో రాయి వేసినట్టు గుండ్రటి గీతలు మధ్యలో నుంచి బయటికి ఉంటాయి. అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పండి. చేతితో కొట్టిన గిన్నె అంచు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా తెలుస్తుంది. మీ కన్ను పట్టలేనిది వేలు పడుతుంది.

అరుగుదల కూడా చూడండి. నేలకు ఆనే భాగం ఒక ఉంగరంలాగా అరిగి ఉండాలి, ఆ గీతలు అన్ని దిక్కులకూ పోవాలి. పాతదనం కొత్తగా తెచ్చేవాళ్ళు గంధకం మందు పూసి నల్లబరుస్తారు. ఆ నలుపు అంతటా ఒక్కలాగే ఉంటుంది. నిజమైన నలుపు వేలు తగలని మూలల్లో చిక్కగా, చేయి ఆడే చోట పలచగా ఉంటుంది. ముద్ర సంగతి కూడా చెప్తాను. ఉలితో కొట్టిన ముద్రకు లోపలి వైపు చిన్న ఉబ్బు తెలుస్తుంది. గిన్నెతోపాటు పోత పోసిన ముద్ర అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, లోపల ఉబ్బు ఉండదు. నేనే ఒకసారి మోసపోయిన. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో సాయంత్రం పూట, పసుపుపచ్చ బల్బు కింద, ముద్ర చూసి మురిసి కొన్న. పొద్దున వెలుతురులో లోపల వేలు పెడితే నున్నగా ఉంది. అప్పటి నుంచి దీపాలు వెలిగినాక వెండి కొనను.

ఇక పేర్లు, సంవత్సరాలు. చాలా గిన్నెల మీద సన్నటి శీరణంతో చెక్కిన పేరో, ఇంటి పేరు మొదటి అక్షరమో ఉంటుంది. తెలుగులో, ఉర్దూలో, అప్పుడప్పుడు రెండింట్లో. పక్కన 1332 అని ఉంటే పద్నాలుగో శతాబ్దం అని సంబరపడకండి. అది ఫసలీ, భూమిశిస్తు లెక్కల కోసం పెట్టుకున్న ఏడు. హైదరాబాద్ రాజ్యంలో దఫ్తర్లన్నీ ఫసలీ లెక్కలోనే నడిచాయి. 590 కలపండి, 1922 వస్తుంది. ఫసలీ ఏడు అక్టోబర్‌లో మొదలు కాబట్టి 1922 కావచ్చు, 1923 కావచ్చు. రూపాయల మీదేమో హిజ్రీ ఉంటుంది, ఆ రెంటినీ కలగలపొద్దు.

పేరు అంటే ఒకటి చెప్పాలి. దుకాణంలో చేరిన రెండో ఏడు. పెద్దవూర దిక్కు నుంచి ఒక ముసలామె పెళ్ళి గిన్నె తెచ్చింది, మనవరాలికి పెట్టాలె, జర మెరుగు పెట్టియ్యమని. నాకు అప్పుడే బఫింగ్ మోటర్ చేతికొచ్చింది. గిన్నెను చక్రానికి ఆనించి అద్దం చేసిచ్చిన. ఆమెకు చూపు తక్కువ. గిన్నె తీసుకుని బోర్లించి, అడుగున బొటనవేలు పెట్టి రాసింది. మళ్ళీ రాసింది. "నా పేరేది బిడ్డా?" అన్నది. మా సేటు నాకేసి చూసిండు. ఆ రోజు మజూరి తీసుకోలేదు, అంతకంటే చేయగలిగింది కూడా లేదు. అందుకే మీ అమ్మమ్మ గిన్నెను మెరుగుకు ఇవ్వొద్దని ఇంత గట్టిగా చెప్తున్న. చక్రం మీద పెడితే పేరు, తూకం గీత, సుత్తె పొలుసులు అన్నీ ఒక్క నిమిషంలో పోతాయి. మిగిలేది 137 కంటే తక్కువ గ్రాముల వెండి.

ఎక్కడ కొనాలి అన్నారు. పురాతన వస్తువులు అని బోర్డు పెట్టిన చోట కాదు. కుదువ దుకాణాల్లో, వెండి కరిగించే చోట. 2024లో కిలో లక్ష దగ్గరికి వచ్చింది, 2025 చివరికి రెండు లక్షలు దాటింది. ధర పెరిగినప్పుడల్లా ఊళ్ళల్లో అటక మీది గిన్నెలు దిగి వస్తాయి, మర్నాటికి మూసలో ఉంటాయి. మీకు తెలిసిన దుకాణాయనకు ఒక మాట చెప్పి పెట్టండి: పాత చేతి గిన్నె వస్తే కరిగించే ముందు నాకు ఫోన్ చేయండి, కరిగిస్తే మీకొచ్చేదాని మీద కొంత ఎక్కువే ఇస్తా అని. నేను పది, పదిహేను శాతం ఇస్తాను. నగిషీ బాగుండి పేరు, ఏడు ఉంటే ఇరవై అయిదు దాకా పోయిన సందర్భాలున్నాయి. అంతకు మించి ఎన్నడూ ఇవ్వలేదు, విచారించనూ లేదు. లెక్క మాత్రం స్వచ్ఛమైన వెండి మీద కట్టండి. 140 గ్రాముల హాలీ గిన్నెలో వెండి 114, 115 గ్రాములే. చీటీ తప్పకుండా రాయించుకోండి. తెలియని కుర్రాడు సంచిలో గిన్నెలు తెచ్చి సగం ధరకిస్తానంటే దగ్గరికి రానియ్యకండి, దొంగసొమ్ము కొన్నవాళ్ళదీ నేరమే. గుడి పేరు చెక్కి ఉన్న గిన్నె ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు.

మన దిక్కు ఇంకో బెడద లంకెబిందెలు. "పొలంలో దొరికినయి, ఎవరికీ చెప్పకండి" అని మట్టి పూసిన గిన్నెలు పట్టుకొచ్చే ముఠాలు నేను దుకాణంలో ఉన్నంత కాలం వస్తూనే ఉన్నాయి. నూటికి తొంభై తొమ్మిది కొత్త సరుకు. మిగతా ఆ ఒక్కటీ నిజమైతే ఇంకా ప్రమాదం. భూమిలో దొరికిన నిధి పది రూపాయల కంటే విలువైనదైతే కలెక్టర్‌కు తెలపాలని 1878 చట్టం. ఇంకొకటి, వందేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు. ఇంట్లో పెట్టుకుని పాయసం తాగితే ఎవరూ ఏమనరు గానీ, అమెరికాలో ఉన్న తమ్ముడి సూట్‌కేసులో పెట్టి పంపకూడదు.

కొనే ముందు ఒక ఆదివారం హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీ సరుకు చూసి రండి. ఎందుకంటే రేపు ఎవరో ఒకరు మీకు బిదరీ గిన్నెను వెండి గిన్నె తూకం లెక్కన అమ్మజూస్తారు. బిదరీ ఒళ్ళంతా జింకు, కొంచెం రాగి. పైన పొదిగిన తీగ, రేకు మాత్రమే వెండి. ఆ నలుపే దాని అందం, దాన్ని తోమితే పనైపోయినట్టే. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం కూడా చూడండి, ఏడో నిజాం సిల్వర్ జూబ్లీకి వచ్చిన వెండి కానుకలు ఉన్నాయి. 2018లో దొంగలు ఎత్తుకపోయింది అక్కడి బంగారు టిఫిన్ డబ్బానే, మళ్ళీ దొరికింది లెండి. తర్వాత చార్మినార్ దగ్గర పాత సామాన్ల దుకాణాల్లో తిరగండి, పాన్‌దాన్‌లు (తాంబూలం డబ్బాలు), గులాబ్‌పాష్‌లు (పన్నీరు చల్లే బుడ్లు) చేత్తో పట్టుకుని చూడండి. పర్సు మాత్రం ఇంట్లో పెట్టి పొండి.

అతుకుల గిన్నెలు కొనొచ్చా అంటే, కొనొచ్చు. నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనదానికే రెండు అతుకులు. వెండి టంకంతో వేసిన అతుకు సన్నగా, తెల్లగా ఉంటుంది. మసక బూడిద రంగులో ముద్దగా ఉంటే అది కళాయి పనివాళ్ళు వేసిన సీసం టంకం. అటువంటి గిన్నెను అల్మారాలో పెట్టుకోండి, అందులో తినొద్దు. తీసి మళ్ళీ అతికిస్తా అనే పనివాడికి ఇవ్వొద్దు, వేడి తగిలితే సీసం పక్కనున్న వెండిని తినేస్తుంది, చిల్లు పెద్దదవుతుంది. మీ ఉగ్గుగిన్నె ముక్కు మొదట్లో అతుకు ఉంటుంది, ముందు అది చూడండి. మనవడికి ఉగ్గు పోయాలనుకుంటున్నారేమో.

శుభ్రానికి కుంకుడు రసం, గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి నూలు గుడ్డ. అంతే. పళ్ళపొడి, విభూతి, టూత్‌పేస్ట్ అన్నీ గీరేవే. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా ఫోన్లలో తిరుగుతుంది కదా, పనిచేస్తుంది, కానీ నగిషీ గుంటల్లోని నలుపును కూడా లాగేస్తుంది, బొమ్మ చచ్చిపోయి సున్నం కొట్టిన గోడలాగా అవుతుంది. సాదా గిన్నెకైతే ఎప్పుడో ఒకసారి సరే. మన బోరు నీళ్ళు గట్టివి, కడిగి అట్లాగే ఆరబెడితే తెల్ల మరకలు పడతాయి, వెంటనే తుడవండి. వెండిని నల్లబరిచేది గాలిలోని గంధకం. రబ్బరు బ్యాండు వేసి పెడితే అది ఉన్న చోట నల్లటి గీత పడుతుంది. న్యూస్‌పేపర్‌లో, ఉన్ని గుడ్డలో చుట్టొద్దు, పాత మల్లు గుడ్డ మేలు. కోడిగుడ్డు కూర, ఊరగాయ అందులో వడ్డించొద్దు. ఉప్పు నిలవుంటే వెండికి గుంటలు పడతాయి, అవి ఎవరూ పూడ్చలేరు. పెరుగు, పాయసం, పంచామృతం పెట్టుకోండి, తిన్న వెంటనే కడగండి.

అల్మారా సంగతికొస్తే, కొత్త ప్లైవుడ్, కొత్త రంగు వాసన పోయేదాకా రెండు మూడు నెలలు గిన్నెలు లోపల పెట్టకండి. లోపల బల్బు పైనుంచి కాకుండా పక్కనుంచి పడేటట్టు పెట్టించండి, సుత్తె పొలుసులు అప్పుడే కనబడతాయి. ఆరూ ఒకే సైజు, ఒకే రకం కోసం వెతకొద్దు, అట్లాంటి జత దొరికిందంటే కొత్తదని అర్థం. ఒకటి రెండు బోర్లించి పెట్టండి.

మీ అమ్మమ్మ గిన్నె అడుగు ఫొటో ఇంకొకటి కావాలి. ఫ్లాష్ వద్దు. పొద్దున ఎనిమిదింటికి కిటికీ దగ్గర, ఎండ పక్కనుంచి పడేటట్టు తీయండి. 12 పక్కన గీతలు నిలువుగా ఉన్నాయా, అడ్డంగానా చూడాలి. పావు, అర, ముప్పావులకు పాత లెక్కల్లో గీతలే వేసేవాళ్ళు. అవి అవే అయితే గిన్నె పన్నెండు తులాలు కాదు, పన్నెండుంబావో పన్నెండున్నరో. అరిగిన వెండి లెక్క మళ్ళీ వేయాలి.